కింది బీపీ బాగుందని ఊరుకోవద్దు

పెద్దవాళ్ల వైద్యం ఫైలు తెరిస్తే తరచూ రెండు కాగితాలు తగులుతాయి. ఒకటి బీపీ చీటీ: 168/72. రెండోది తల ఎంఆర్ఐ రిపోర్టు: చివర్లో "చిన్న రక్తనాళాల పాత మార్పులు, వయసుకు తగినవే" అని ఒక వాక్యం. మొదటిది చూసి ఇంట్లోవాళ్లు "కింది బీపీ నార్మలే కదా, పైది ఈ వయసులో ఆ మాత్రం ఉంటుంది" అంటారు. వయసుకి వంద కలుపుకోవాలనే లెక్క మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. రెండోది చూసి "పెద్దగా ఏం లేదట" అని ఫైలు మూసేస్తారు.

ఆ రెండు కాగితాలూ చాలాసార్లు ఒకే జబ్బును రెండు చివరల నుంచి చూపిస్తున్నాయన్నది నా వాదన. ఒక చివర బిగుసుకుపోయిన బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే అతిపెద్ద రక్తనాళం), ఇంకో చివర ఎవరికీ తెలియకుండా దెబ్బతింటున్న మెదడు. 168లోంచి 72 తీసేస్తే 96. ఆ 96ను ఎవరూ చీటీ మీద రాయరు. నన్నడిగితే మొదట చదవాల్సిన అంకె అదే.

బృహద్ధమని అంటే ఊరికే నెత్తురు మోసే గొట్టం కాదు. పొలంలో వీపున వేసుకుని మందు కొట్టే చేతి పంపును చూడండి. ఒక చేత్తో లివరు ఆగి ఆగి ఆడిస్తాం, రెండో చేతిలోని నాజిల్ నుంచి మాత్రం జల్లు ఆగకుండా వస్తుంది. లోపలి చిన్న గదిలోని గాలి లివరు తోసినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు సాగుతూ మందును నెడుతుంటుంది. ఆ గదిలో గాలి పోయి నీరు నిండితే జల్లు పోయి చిమ్ములు చిమ్ములుగా పడుతుంది. ధమనులను ఇలాగే మంటలార్పే యంత్రంలోని గాలి గదితో పోల్చింది ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్, 1733లో. 1899లో జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ దాన్ని లెక్కల్లోకి తెచ్చాడు.

గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టిన నెత్తుటిలో దాదాపు సగం, బృహద్ధమని, దాని పెద్ద కొమ్మలు ఉబ్బి దాచుకుంటాయి. గుండె సేదతీరే క్షణంలో అవి తిరిగి ముడుచుకుని ఆ నెత్తుటిని ముందుకు తోస్తాయి. కింది బీపీని నిలబెట్టేది ఈ తోపే. గోడ బిగుసుకుంటే ఉబ్బదు, కాబట్టి పై బీపీ ఎగబాకుతుంది. దాచుకున్నది లేదు, కాబట్టి కింది బీపీ పడిపోతుంది. అరవై దాటినవారిలో 80 ఉండే కింది బీపీ మందు లేకుండానే 70కి దిగిందంటే అది మంచి కబురు కాకపోవచ్చు. బృహద్ధమని తన పని మానేస్తోందన్న కబురు కావచ్చు. పై, కింది అంకెల తేడాను పల్స్ ప్రెషర్ అంటారు. పెద్దవయసువారిలో అది 60 దాటితే ధమనుల బిరుసుకు గుర్తుగా తీసుకోవాలని యూరప్ బీపీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే తీవ్రమైన రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, బృహద్ధమని కవాటం లీకవడం కూడా ఈ తేడాను పెంచుతాయి. ముందు వాటిని చూసి పక్కన పెట్టాలి.

ఇంతకీ గోడ ఎందుకు బిగుసుకుంటుంది? ధమని గోడలో సాగే దారం ఎలాస్టిన్, సాగని పగ్గం కొల్లాజెన్. ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం తల్లి కడుపులోనూ పసితనంలోనూ తయారవుతుంది, పెద్దయ్యాక కొత్తది రావడం దాదాపు ఉండదు. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. అరవై ఏళ్లకు రెండు వందల కోట్లు దాటిన సాగుడు అది. దారాలు తెగుతాయి, బరువు కొల్లాజెన్ మీద పడుతుంది. షుగరు ఉంటే చక్కెర అణువులు కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి అతికించేస్తాయి. కిడ్నీ జబ్బు ఉంటే సున్నం పేరుకుంటుంది. పొగతాగడం, ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ ఈ అరుగుదలను తొందరపెడతాయి.

పసితనంలో అన్నాను కాబట్టి మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాలి. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది, తక్కిన ఊళ్లలో ఆ పథకం ఇంకా రాలేదు. పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ల ధమనుల బిరుసు తక్కువగా ఉంది. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఊళ్లను చీట్లు తీసి విడదీయలేదు కాబట్టి ఇదే తుది రుజువు అనను. కానీ ధమనుల బిరుసును ముసలితనం జబ్బుగా మాత్రమే చూసేవాళ్లు ఈ పల్లెల సంగతి తెలుసుకోవాలి.

ఇక మెదడు. శరీరం బరువులో అది 2 శాతం, గుండె పంపే నెత్తుటిలో దాదాపు 15 శాతం దానికే పోతుంది. నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్లు. ఇంత నెత్తురు ఎప్పుడూ పారుతూ ఉండాలంటే దాని రక్తనాళాలు తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. కిడ్నీలదీ ఇదే స్థితి. తలుపులు తెరిచి ఉన్న ఇంట్లోకి గాలివాన నేరుగా వస్తుంది.

మామూలుగా ఆ వానను ఆపే ఏర్పాటు ఒకటుంది. సన్న తాడును మోకుకు ముడివేసి ఊపి చూడండి. అల ముడి దాకా వెళ్లి కొంత వెనక్కి వస్తుంది, అవతలికి వెళ్లేది తగ్గుతుంది. రెండూ ఒకే మందం తాళ్లయితే అల మొత్తం దాటిపోతుంది. వయసులో ఉన్నప్పుడు బృహద్ధమని మెత్తన, మెడలోని కెరోటిడ్ ధమని దానికంటే బిరుసు. ఈ తేడా వల్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ వచ్చే అల కొంత ఆ కూడలి దగ్గరే వెనక్కి మళ్లుతుంది. బృహద్ధమని కూడా బిరుసెక్కితే తేడా చెరిగిపోతుంది, అల తగ్గకుండా మెదడు లోతుల్లోని సన్న నాళాల దాకా పోతుంది. బిగుసుకున్న ధమని గుండెకు భారమని మనకు తెలుసు. తల దాకా పోయే దెబ్బను ఆపే గుణం కూడా దానికి పోతుందన్నది చాలామందికి తెలియని సంగతి.

మెదడు లోపలి తెల్లపదార్థానికి (మెదడు భాగాలను కలిపే తీగల్లాంటి అల్లికకు) నెత్తురిచ్చే నాళాలు పొడుగు, సన్నం, పైగా ఒంటరివి. ఒకటి మూసుకుపోతే పక్కది వచ్చి ఆదుకోదు. మరికొన్ని పెద్ద ధమని నుంచి చటుక్కున చీలి లోపలికి దూరతాయి, అంటే పెద్ద గొట్టపు ఒత్తిడి మధ్యలో తగ్గే దూరమే లేకుండా సన్న గొట్టం మీద పడుతుంది. రోజుకు లక్ష దెబ్బలు తిని వాటి గోడలు మందమవుతాయి, దారి ఇరుకవుతుంది, కొన్ని చోట్ల కారతాయి. ఐస్‌లాండ్‌లోని రేక్యవీక్ వృద్ధుల మీద గ్యారీ మిచెల్ బృందం 2011లో ప్రచురించిన పని ఈ దారినంతా కొలిచింది. బృహద్ధమని ఎంత బిరుసైతే కెరోటిడ్‌లో నెత్తుటి పోటు అంత ఎక్కువ, దానితోపాటే మెదడులో మచ్చలూ ఎక్కువ, జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తక్కువ.

ఆ మచ్చలను రిపోర్టులో ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. సీటీ స్కాన్‌లో ఇవి చాలా మటుకు దొరకవు, ఎంఆర్ఐ కావాలి. ఫ్లెయిర్ అనే వరసలో (ఎంఆర్ఐ తీసే ఒక రకం బొమ్మల్లో) మెదడు నీరు నల్లగా, దెబ్బతిన్న తెల్లపదార్థం మెరుస్తూ కనబడుతుంది. దాన్ని ఫజేకాస్ స్కోరుతో 0 నుంచి 3 వరకు లెక్కిస్తారు. 1 అంటే విడివిడి చుక్కలు, 2 అంటే చుక్కలు ఒకదానికొకటి అంటుకోవడం మొదలైంది, 3 అంటే కలిసిపోయి పెద్ద మచ్చలయ్యాయి. డెబ్బై ఏళ్లవారిలో 1 ఉంటే కంగారుపడక్కర్లేదు. 2, 3 ఉన్నప్పుడు కూడా "వయసుకు తగినవే" అని రాయడం మీదే నా అభ్యంతరం. రెండోది లాక్యూన్: 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంట, ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన చిన్న పక్షవాతపు గుర్తు. అంతకంటే చిన్న రంధ్రం సాధారణంగా నాళం చుట్టూ ఉండే ఖాళీ, దాన్ని లాక్యూన్ అనుకుని భయపడకూడదు. మూడోది మైక్రోబ్లీడ్, అంటే సన్న నాళం నుంచి కారిన చిన్న నెత్తుటి మరక, ఎస్‌డబ్ల్యూఐ అనే ఇంకో వరసలో నల్ల చుక్కలా కనిపిస్తుంది. ఆ వరస తీయకపోతే అది ఉన్నట్టే తెలియదు. రిపోర్టులో ఈ మూడింటి మాట, స్కోరుతో సహా, లేకపోతే రేడియాలజిస్టును అడిగి రాయించుకోవచ్చు. అది మీ హక్కు.

ఇలా తెలియకుండా తగిలే దెబ్బలను "సైలెంట్" అంటారు, ఆ మాట నాకు నచ్చదు. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు, అంతే. జాగ్రత్తగా చూస్తే మనిషి మారుతుంటాడు. మాట గుర్తుంటుంది, పని వరస తప్పుతుంది. చిల్లర లెక్కపెట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. రెండు పనులు కలిపి చేయలేరు, నడుస్తూ మాట్లాడమంటే ఆగి మాట్లాడతారు. అడుగులు చిన్నవవుతాయి, మలుపు తిరగడానికి నాలుగైదు అడుగులు వేస్తారు. దేని మీదా ఆసక్తి ఉండదు. మూత్రం ఆపుకోలేకపోతారు. మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అప్పజెప్పమనే పరీక్షలో చాలామంది పాసవుతారు, ఎందుకంటే ఇక్కడ ముందు దెబ్బతినేది జ్ఞాపకం కాదు, వేగం. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన మెదడు పరీక్షల కట్ట తెలుగులో కూడా ఉంది. వేగాన్నీ పని వరసనూ పరీక్షించమని ప్రత్యేకంగా అడగాలి.

ఇది చిన్న విషయం కాదనడానికి నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి చాలు. రోటర్‌డామ్‌లో 60-90 ఏళ్ల మధ్య వెయ్యిమందికి పైగా ఎంఆర్ఐ తీసి, తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. మొదటి స్కాన్‌లో నిశ్శబ్ద పక్షవాతపు గుర్తులున్నవారికి మతిమరుపు జబ్బు వచ్చే ముప్పు రెట్టింపు కంటే ఎక్కువని 2003లో తేలింది.

"అన్నీ వయసుతో వచ్చేవే, ఒకదానికొకటి కారణమని ఎలా అంటారు?" అన్నది గట్టి ప్రశ్నే. బిరుసు, బీపీ, వయసు మూడూ చెయ్యి పట్టుకుని నడుస్తాయి. చాలా అధ్యయనాలు ఒక్క రోజు తీసిన ఫొటోలాంటివి. బృహద్ధమనిని మాత్రమే మెత్తబరిచి, బీపీని ముట్టుకోకుండా, మెదడు బాగుపడిందని చూపించిన మందు ఇప్పటిదాకా లేదు. కొల్లాజెన్ అతుకులు తెంచే అలాజెబ్రియం అనే మందు 2001లో ఆశ పుట్టించింది, మార్కెట్ దాకా రాలేదు. అయినా రెండు సంగతులు నన్ను ఈ వాదన వైపే నిలబెడుతున్నాయి. ఒకటి, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ మూడో తరం మీద 2016లో వచ్చిన పని. సగటు వయసు నలభైల్లో ఉన్నవారిలోనే, ధమని బిరుసు ఎక్కువున్న చోట తెల్లపదార్థం అల్లిక సడలినట్టు కనిపించింది. ముసలితనం నెపం అక్కడ చెల్లదు. రెండు, బీపీ తగ్గిస్తే మెదడు మచ్చల పెరుగుదల నెమ్మదించడం. దాని గురించి కింద చెబుతాను.

బిరుసును కొలిచే పద్ధతికి (పల్స్ వేవ్ వెలాసిటీ పరీక్ష అంటారు) లెక్క చాలా సులువు. పోటు అల మెడ దగ్గర కనిపించాక గజ్జ దగ్గరికి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. మెడకూ గజ్జకూ మధ్య టేపుతో 62.5 సెంటీమీటర్లు అనుకుందాం. అల నడిచే అసలు దారి దానిలో 80 శాతం అని లెక్క, అంటే అర మీటరు. ఆలస్యం 80 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు 80 అయితే వేగం సెకనుకు 6.25 మీటర్లు, నిశ్చింత. 50 మిల్లీసెకన్లే పడితే సెకనుకు 10 మీటర్లు. ఆ పదే గీత. బిరుసు గొట్టంలో అల వేగంగా పరుగెడుతుంది కాబట్టి అంకె ఎంత పెరిగితే అంత చెడ్డ. పరీక్షకు 3 గంటల ముందు నుంచి కాఫీ, సిగరెట్, భోజనం ఉండకూడదు. 10 నిమిషాలు పడుకోబెట్టాలి, మాట్లాడించకూడదు, నిద్రపోనివ్వకూడదు. రెండు కొలతల మధ్య 0.5 కంటే ఎక్కువ తేడా వస్తే మూడోది తీయాలి. పొట్ట ఉన్నవారికి టేపును పొట్ట మీదుగా వంచి పెడితే దూరం పెరిగి, లేని బిరుసు కనిపిస్తుంది. టేపు గాలిలో తిన్నగా ఉండాలి. ఆ పూట బీపీ ఎక్కువుంటే అంకె కూడా ఎక్కువే వస్తుంది, అందుకే పక్కన బీపీ రాయని రిపోర్టుకు విలువ లేదు. చేతి పట్టీ ఒక్కటే కట్టి "మీ రక్తనాళాల వయసు 74" అని చెప్పే యంత్రాలు చాలావరకు మీ వయసును, పై బీపీని కలిపి వండి మీకే వడ్డిస్తాయి. వాటికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఆ పరీక్ష దొరకనివారికి ఇంట్లో బీపీ మిషను చాలు, కానీ సరిగా వాడాలి. చేతి మీద కట్టేదే కొనాలి, మణికట్టుది వద్దు. పట్టీ లోపలి గాలి సంచి జబ్బ చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే పై బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. చొక్కా చెయ్యి మీద కట్టకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ రాత్రి. ఇలా 7 రోజులు. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఆ సగటుల పక్కన మూడో గడి గీసి తేడా రాయండి. తర్వాత లేచి నిలబడి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో చూడాలి. పై బీపీ 20 పడితే అది డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే బిరుసెక్కిన ధమనులున్నవారికి మాత్ర డోసు పెంచేటప్పుడు తూలి పడే ప్రమాదం అక్కడే ఉంటుంది.

రాత్రి బీపీ కూడా ముఖ్యం. నిద్రలో 10-20 శాతం తగ్గాలి. తగ్గనివారికి, తెల్లవారుజామున ఒక్కసారిగా ఎగబాకేవారికి మెదడు మచ్చలు ఎక్కువని జపాన్‌లో కజుఓమి కారియో బృందం చూపించింది. గట్టిగా గురకపెట్టేవారు 24 గంటల బీపీ పరీక్ష, నిద్ర పరీక్ష రెండూ అడగవచ్చు.

మందుల విషయంలో నా మాట సూటిగా చెబుతాను. పై బీపీ మాత్రమే ఎక్కువ ఉన్న వృద్ధులకు వైద్యం అక్కర్లేదనే వాదన 1991లోనే ఓడిపోయింది. అమెరికాలో 60 దాటిన 4,736 మందితో జరిగిన షెప్ పరీక్షలో క్లోర్‌థాలిడోన్‌తో మొదలుపెట్టిన వైద్యం పక్షవాతాన్ని 36 శాతం తగ్గించింది. 2019లో స్ప్రింట్ మైండ్ అనే ఇంకో పరీక్ష ఫలితాలు వచ్చాయి. పై బీపీని 120 కిందికి తేవాలని వైద్యం చేసినవారిలో స్వల్ప మతిమరుపు 19 శాతం తగ్గింది, తెల్ల మచ్చలు కూడా తక్కువ పెరిగాయి. మెదడు మొత్తం పరిమాణం మాత్రం వాళ్లలోనే కాస్త ఎక్కువ తగ్గింది, దీన్ని దాచి మాట్లాడకూడదు. ఆ 120 అన్నది మనిషిని 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి మిషనుతో తీసింది. మెట్లెక్కి వచ్చి ఓపీ క్యూలో నిలబడ్డాక తీసిన అంకెతో దాన్ని పోల్చి మాత్రలు పెంచితే మనిషి కింద పడతాడు. ఆ పరీక్షలో షుగరు ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు లేరన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏ మాత్ర అన్నది కూడా లెక్కే. జబ్బ దగ్గర బీపీ ఒకేలా ఉన్నా బృహద్ధమనిలో ఒకేలా ఉండదు. 2006లో వచ్చిన కేఫ్ అధ్యయనంలో అటెనొలాల్ ఆధారిత వైద్యం కంటే ఆమ్లోడిపిన్, పెరిండోప్రిల్ వాడినవారికి బృహద్ధమనిలోని పై బీపీ 4.3 మిల్లీమీటర్లు తక్కువ. గుండెదడకో, గుండెపోటు వచ్చినందుకో కాకుండా కేవలం బీపీకి ఏళ్లుగా అటెనొలాల్ మాత్రమే వాడుతున్న వృద్ధులు డాక్టరును "దీన్ని మార్చవచ్చా?" అని అడగాలి. తమంతట తాము ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం. మచ్చలు కనిపించాయి కదా అని ఆస్పిరిన్ మొదలుపెట్టడం ఇంకో పొరపాటు. ఎక్కువగా 70 దాటిన 19,114 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ఆస్ప్రీ పరీక్షలో 2018లో లాభం కనబడలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. మైక్రోబ్లీడ్‌లు ఉన్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి. అలాగే మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీని పెంచుతాయి. మూడు బీపీ మాత్రలు వేసినా అదుపు కానప్పుడు నాలుగోది రాసేముందు ఆ డబ్బా వెతకాలి.

నడక సంగతి ఊరికే చెప్పే మాట కాదు. 2000లో హిరోఫుమి టనాకా బృందం వ్యాయామం అలవాటు లేని నడివయసు మగవాళ్లను మూడు నెలలు, వారానికి 4-6 రోజులు, రోజుకు 40-45 నిమిషాలు నడిపించింది. కెరోటిడ్ ధమని సాగే గుణం దాదాపు నాలుగో వంతు మెరుగైంది. ఇది తెగిన ఎలాస్టిన్ అతికి కాదు, గోడలోని కండరం బిగింపు సడలి కావచ్చు.

చివరగా ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. ఇంట్లో ఎంత తింటున్నామో తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, కిలో ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే రాయండి. నలుగురున్న ఇంట్లో అది నెలకు అయిపోతే ఒక్కొక్కరికి రోజుకు 8.3 గ్రాములు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, హోటల్ టిఫిను ఇందులో లేవు. 5 గ్రాముల లెక్కన అన్నీ కలిపి నెలకు 600 గ్రాములే రావాలి. ముందు తగ్గించాల్సింది కూరలో ఉప్పు కాదు, పెరుగన్నంలో నంజుకునే ఊరగాయ, మజ్జిగలో వేసే చిటికెడు. పొటాషియం కలిపిన ఉప్పు పనిచేస్తుందని చైనాలోని 600 పల్లెల్లో 20,995 మంది మీద జరిగి 2021లో వెలువడిన పరీక్ష చూపించింది, పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే కిడ్నీ జబ్బున్నవారికి, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటివి వాడేవారికి ఆ ఉప్పుతో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. అలాంటివారు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకుని, డాక్టరును అడిగాకే ప్యాకెట్టు మార్చాలి.